సాక్ష్యాల సమయంలో మైకు ఎవరి చేతికి ఇస్తున్నాం?

వరంగల్, హనుమకొండ, కాజీపేట సంఘాల అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు ప్రభువు నామంలో వందనాలు.

నేను వరంగల్ ఏనుమాముల వ్యవసాయ మార్కెట్లో, రైతుల సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. చిట్టా రాయడం, రైతుకు తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్క కాగితం, ఇవ్వడం, హమాలీల లెక్క చూడడం నా పని. ఆదివారం మీలో ఒకరి సంఘంలో చాప మీద కూర్చునే మామూలు విశ్వాసిని. ఏ సంఘమో రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఏదో ఒక్క సంఘం సంగతి కాదు. ఆరాధనలకు, పెళ్లిళ్లకు, కృతజ్ఞత కూడికలకు మన ఊళ్లో చాలా సంఘాలకు వెళ్లాను, దాదాపు అన్ని చోట్లా ఒకటే తీరు చూశాను, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

అడగాలనుకున్నది మొదటే అడిగేస్తాను. "దేవుడు ఫలానా వాళ్లను దీవించాడు" అని సంఘంలో మనం అనేటప్పుడు దేన్ని చూసి అంటున్నాం? బజార్లో జనం దేన్ని చూసి "వాడు సెటిలయిపోయాడు" అంటారో సరిగ్గా దాన్నే చూసి మనమూ అంటున్నాం. ఇల్లు, కారు, వీసా, ర్యాంకు, ప్లాటు. మధ్యలో ప్రభువు పేరు ఒకటి కలుస్తుంది, అంతే తేడా. మనం గృహనిర్వాహకులమని, సొమ్ము మొత్తం ఆయనదని, మనది లెక్క అప్పగించే పనేనని మీరే ఎన్నోసార్లు బోధించారు. లెక్క చూసే రోజు ఆయన ఏం అడుగుతాడో కూడా వాక్యంలో దాపరికం లేకుండా ఉంది. "గృహనిర్వాహకులలో ప్రతివాడును నమ్మకమైనవాడై యుండుట అవశ్యము" అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఎంత పోగేశాడన్న మాట అక్కడ లేదు. మరి ఈ నమ్మకత్వం గురించి మన మైకుల్లో ఎందుకు వినపడటం లేదన్నదే నా బాధ.

ఆరాధన ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పాటలయ్యాక సాక్ష్యాలు, దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరు మైకులో చెప్పడం. ఒకరి అబ్బాయికి అమెరికా వీసా స్టాంపింగ్ అయింది, ఒకరి అమ్మాయికి మెడికల్ సీటొచ్చింది, ఇంకొకరు రింగు రోడ్డు పక్కన రెండు వందల గజాలు కొన్నారు, మరొకరు కొత్త కారు తాళాలు అయ్యగారి చేతిలో పెట్టి ప్రార్థన చేయించుకున్నారు. సంఘమంతా హల్లెలూయ అంటుంది, నేనూ అంటాను, మనస్ఫూర్తిగానే అంటాను. వాళ్ల సంతోషం మన సంతోషమే. అయితే ఏడాది పొడుగునా ఇవే వింటూ పెరిగిన పదిహేనేళ్ల పిల్లవాడికి ఏం అర్థమవుతుందో ఒకసారి ఆలోచించండి. దేవుడు పనిచేస్తే ఇలా ఉంటుంది, ఇలా లేకపోతే మన ఇంట్లో దేవుడు పనిచేయడం లేదు అనే కదా. ఆ మాట మీరెవరూ నోటితో అనలేదు, అన్నారని నేను అనను. ఎవరికి మైకు అందుతుందో, ఎవరికి అందదో చూసి వాడంతట వాడే నేర్చుకుంటాడు.

మైకు అందని ఒక మనిషి గురించి చెప్తాను. మా మార్కెట్లో ఒక హమాలీ ఉన్నాడు. పేరు రాయొద్దని ఆయనే అన్నాడు కాబట్టి రాయను. మిర్చి సీజన్లో మా యార్డు ఎట్లా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు, ఘాటుకు గేటు దగ్గరి నుంచే దగ్గు మొదలవుతుంది, హమాలీలు ముక్కుకు తువ్వాల కట్టుకొని పొద్దంతా బస్తాలు మోస్తారు. కొనేవాళ్లు సరుకు చూడటానికి బస్తా కోసి గుప్పెడు మిర్చి బయటికి తీస్తారు, విరిచి చూస్తారు, వాసన చూస్తారు, కింద పడేసి ముందుకు పోతారు. ఒక్కో రాశి దగ్గర అలా ఐదారుగురు. కింద పడ్డది ఎవరిదీ కాదన్నట్టుగానే ఉంటుంది అక్కడి పద్ధతి, సాయంత్రం ఊడ్చినవాళ్లు దాన్ని అమ్ముకుంటారు, అడిగేవాళ్లు ఉండరు. ఈయన మాత్రం కాంటా పెట్టే ముందు మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో ఆ కాయల్ని దగ్గరికి తీసి, మట్టి దులిపి, అదే రైతు బస్తాలో పోసి, పురికొసతో మళ్లీ మూతి కుట్టి అప్పుడు కాంటా మీదికి ఎత్తుతాడు. కిలో ఉండొచ్చు, అరకిలో ఉండొచ్చు. ఆ టైములో ఇంకో బస్తా మోస్తే ఆయనకు ఇంకొంచెం కూలి వస్తుంది. ఎందుకన్నా ఈ తిప్పలు అని అడిగితే "రైతు సొమ్ము గదా, ఆయన పండించిండు, నేను మోస్తున్న, గంతే" అన్నాడు.

ఈయన మన సంఘస్థుడే. ఆదివారం అందరికంటే ముందొచ్చి చాపలు పరుస్తాడు, అందరూ పోయాక మడతపెడతాడు. రేకుల ఇంట్లోనే ఉంటాడు, కొడుకు ఆటో నడుపుతాడు. నాకు తెలిసినంతలో ఏ అయ్యగారూ ఈయన్ని ముందుకు పిలిచి "నీ పనిలో దేవుడు నీకెలా తోడున్నాడో చెప్పు నాయనా" అని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆయనకూ తోచదేమో. తన బతుకులో చెప్పుకోవాల్సింది ఏముంది అనుకుంటాడు. అలా అనుకునేలా చేసింది మనమే, సంఘంగా మనమందరం.

తలాంతుల ఉపమానం మీద నేను విన్నన్ని ప్రసంగాలు ఇంకే భాగం మీదా వినలేదు. చాలా ప్రసంగాలు ఐదు తలాంతులవాడి చుట్టూనే తిరుగుతాయి, ఐదుకు ఐదు సంపాదించాడు, మనమూ రెట్టింపు చేయాలి, వ్యాపారంలో రెట్టింపు, జీతంలో రెట్టింపు. మత్తయి 25వ అధ్యాయం ఇంకోసారి తెరిచి చూడండి. యజమాని ప్రయాణమై పోతూ తన సొమ్మును ముగ్గురు దాసులకు ఎవరి సామర్థ్యం కొద్దీ వాళ్లకు, ఒకరికి ఐదు తలాంతులు, ఒకరికి రెండు, ఒకరికి ఒకటి అప్పగించాడు. ఐదు తెచ్చినవాడికి ఏ మాట చెప్పాడో రెండు తెచ్చినవాడికీ అదే మాట చెప్పాడు, ఒక్క అక్షరం తగ్గించలేదు. "భళా, నమ్మకమైన మంచి దాసుడా" అని ఇద్దరినీ మెచ్చుకున్నాడు, తన సంతోషంలో పాలుపొందమని ఇద్దరినీ పిలిచాడు. మన సంఘంలో అయితే ఐదు తెచ్చినవాడికి స్టేజీ మీద కుర్చీ, రెండు తెచ్చినవాడికి కింద చాప.

లెక్కల మనిషిని కాబట్టి ఇంకో సంగతి కూడా చూస్తాను. ఆ కాలంలో ఒక తలాంతు అంటే సుమారు 6,000 దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి, ద్రాక్షతోట పనివాళ్ల ఉపమానంలో కుదిరిన కూలి కూడా అదే. ఈ రోజు మన దగ్గర రోజు కూలి 600 రూపాయలు అనుకుంటే ఒక్క తలాంతు 36 లక్షలు. అంటే అందరికంటే తక్కువ అందుకున్నవాడి చేతికి కూడా ఇరవై ఏళ్ల కష్టానికి సరిపడా సొమ్ము వచ్చింది. ప్రభువు లెక్కలో కొంచెమే అందుకున్నవాడు అంటూ ఎవడూ లేడు. "నా దగ్గర ఏముంది అయ్యగారూ" అని తల దించుకునే మనుషులకు ఈ మాట ఎవరైనా గట్టిగా చెప్పాలి. చేతుల్లో పని ఉంది, నోట్లో మాట ఉంది, పక్కింటివాళ్లకు మన మీద ఉన్న నమ్మకం ఉంది, ఇవన్నీ అప్పగించబడ్డవే కదా.

ఇక ఈ ఉపమానంతో జరుగుతున్న ఒక అన్యాయం గురించి చెప్పాలి, ఈ లేఖ రాయడానికి అసలు కారణం ఇదే. నర్సంపేట వైపు నుంచి మా దుకాణానికి వచ్చే ఒక కౌలు రైతు కుటుంబం ఉంది, ప్రార్థనాపరులు. 2021-22 సీజన్లో మిర్చికి తామర పురుగు వచ్చింది కదా, మన జిల్లాల్లో చాలామంది పూత దశలోనే తోటలు దున్నేశారు, వీళ్లదీ పోయింది. ఎకరానికి కౌలు, విత్తనం, మందులు, కూలీలు, పెట్టుబడి అంతా మా దుకాణంలో తెచ్చిన అప్పే. అడ్తిదారు దగ్గర అప్పు తీసుకుంటే పంట అక్కడికే రావాలి, వడ్డీ సంగతి అందరికీ తెలిసిందే, ఆ ఖాతా రాసేది నేనే కాబట్టి ఎంతయిందో నాకు తెలుసు. ఆ ఏడాది నుంచి వాళ్లు సంఘానికి రావడం తగ్గింది. కొన్నాళ్లకు పూర్తిగా మానేశారు. ఒకసారి మార్కెట్లో కనిపిస్తే ఆ అక్కను అడిగాను. "ఏం మొఖం పెట్టుకొని రావాలె తమ్మీ, అందరు దీవెనలు చెప్తుంటే మేమేం చెప్పాలె" అన్నది. అది కాక అంతకుముందు ఒక ఉజ్జీవ సభలో ప్రసంగీకులు అప్పుల్లో ఉన్నవాళ్లను మూడో దాసుడితో పోల్చారట, విశ్వాసం లేక తలాంతును పాతిపెట్టినవాళ్లకే ఈ గతి పడుతుందని. ఆమె ఆ మాటను మరిచిపోలేదు.

అయ్యగార్లూ, మూడో దాసుడు నష్టపోలేదు. ఆయన పెట్టుబడి పెట్టలేదు, కష్టపడలేదు, యజమాని కఠినుడని ముద్ర వేసి, భయమని చెప్పి, గుంట తవ్వి దాచాడు. ఎండలో వానలో పొలం చేసి, పురుగు వచ్చి, ధర పడిపోయి నష్టపోయిన మనిషిని తీసుకెళ్లి వాడి పక్కన నిలబెట్టడం ఏ వాక్యానుసారం? నిజాయితీగా వ్యాపారం చేసి నష్టంతో తిరిగొచ్చిన దాసుడు ఆ ఉపమానంలో అసలు లేనే లేడు. అలాంటివాడు వచ్చి ఉంటే యజమాని ఏమనేవాడో మనకు రాసిపెట్టలేదు, కాబట్టి ఆ తీర్పు మనం చెప్పకూడదు. ఆ రైతు ఇప్పటికీ పత్తి అమ్మిన ప్రతిసారీ ముందు మా బాకీలో కొంత కట్టి, మిగిలింది తక్‌పట్టీతో పాటు జేబులో పెట్టుకొని పోతాడు. పక్క దుకాణంలో వేరే పేరు మీద అమ్ముకొని తప్పించుకునే దారి ఉంది, చాలామంది అదే చేస్తారు. ఈయన చేయడు. నమ్మకత్వం అంటే నేను చూసింది ఇదీ.

ఇది మన నేల మీద చిన్న విషయం కాదు. 1997-98లో పత్తి పోయి మన వరంగల్ జిల్లాలో ఎంతమంది రైతులు పురుగుల మందు తాగారో ఆనాటి పెద్దలకు గుర్తుంది. అప్పు ఒక్కటే మనిషిని చంపదు, అప్పుతో పాటు "నేను ఓడిపోయాను, నా ముఖం ఎవరికీ చూపించలేను" అన్న సిగ్గు చంపుతుంది. ఆ సిగ్గును తీసేయగలిగిన చోటు ఊళ్లో ఏదైనా ఉంటే అది సంఘం కావాలి. మనం మన సాక్ష్యాలతో దాన్ని ఇంకాస్త పెంచి పంపిస్తే ఎట్లా?

పిల్లల సంగతీ అంతే. హనుమకొండ నిండా కాలేజీలు, హాస్టళ్లు, ర్యాంకుల ఫ్లెక్సీలు. 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలు వచ్చిన వారం సంఘంలో మనం ఫస్టొచ్చిన పిల్లలకు శాలువా కప్పుతాం. ఫెయిలైన పిల్లల ఇంటికి ఆ వారం ఎవరు వెళ్తున్నారు? వెళ్లే అయ్యగార్లు ఉన్నారు, నాకు తెలుసు, వాళ్లకు నా రెండు చేతులా దండం. మిగతావాళ్లూ వెళ్లండి, ఆ వారమే వెళ్లండి, తర్వాత వెళ్లి లాభం లేదు.

యోసేపు గురించి కూడా ఒక మాట. యోసేపు ప్రసంగం అనగానే మనం రాజభవనానికి పరుగెత్తుతాం, ఉంగరం, సన్నని నారబట్టలు, రెండో రథం. ఆదికాండం 39 మాత్రం ఆయన ఐగుప్తులో ఫరో ఉద్యోగి పోతీఫరు ఇంట్లో కొనబడ్డ బానిసగా ఉన్నప్పుడే దేవుడు తోడుండి వర్ధిల్లజేశాడని చెప్తుంది, చేయని నేరానికి చెరసాలలో పడ్డాక కూడా అదే మాట మళ్లీ చెప్తుంది. పదిహేడేళ్లప్పుడు కథ మొదలైతే ఫరో ముందు నిలబడేసరికి ముప్ఫై. మధ్యలో పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో మన సంఘంలో ఉండి ఉంటే యోసేపుకు సాక్ష్యం చెప్పే అవకాశం దొరికేదా? ఉపవాస ప్రార్థనలో ఆయన పేరు "సమస్యల్లో ఉన్నవాళ్ల" లిస్టులో చదివేవాళ్లం. ఆ రోజుల్లో ఆయన చేసిన పనేంటంటే ఇంకొకరి ఇల్లు, ఇంకొకరి జైలు, ఇంకొకరి తాళాలు, తనవి కానివాటిని తనవాటికంటే జాగ్రత్తగా చూసుకోవడం. మన సంఘాల్లో సగం మంది బతుకు అదే. ఎవరి షాపులోనో లెక్కలు, ఎవరి పిల్లలకో పాఠాలు, ఎంజీఎం లాంటి ఆసుపత్రుల్లో ఎవరి తల్లికో సెలైన్ మార్చడం, కాజీపేట జంక్షన్లో ఎవరో ఎక్కే రైలుకు పచ్చజెండా ఊపడం. ఈ పనుల్లో దేవుడు తోడున్నాడని ఆదివారం మన నోటి నుంచి వాళ్లకు వినపడాలి.

నన్ను పేదరికాన్ని పొగిడే మనిషి అనుకోకండి. అద్దె కట్టలేని నెల ఎలా ఉంటుందో తెలిసినవాడెవడూ పేదరికాన్ని పొగడడు. డబ్బున్న విశ్వాసులు సంఘానికి కావాలి, లూదియ ఇల్లు తెరవకపోతే ఫిలిప్పీ సంఘం ఎక్కడ కూడుకునేది? డబ్బు వచ్చినవాళ్లను కూడా సాక్ష్యం చెప్పమనండి, కాకపోతే పన్నులు వసూలు చేసి ధనవంతుడైన జక్కయ్యలా చెప్పమనండి. జక్కయ్య నిలబడి చెప్పిన సాక్ష్యంలో తనకు వచ్చిన దాని గురించి ఒక్క మాట లేదు. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగంతలు వెనక్కి. అంకెలతో సహా చెప్పాడు, అందరి ముందూ చెప్పాడు. ఆ రోజు రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు అన్నాడు. ఇలాంటి సాక్ష్యం మన దగ్గర నేను ఇంతవరకు వినలేదు, వినాలని చాలా ఆశ ఉంది. "నా దగ్గర పనిచేసేవాళ్ల జీతం ఈ ఏడాది పెంచాను", "మా తమ్ముడి వాటా భూమి నా పేరు మీద ఉంటే తిరిగి రాసిచ్చాను", "బిల్డింగు పర్మిషన్‌కు లంచం అడిగితే ఇవ్వలేదు, ఎనిమిది నెలలు ఆగింది, అయినా ఇవ్వలేదు" అని ఎవరైనా లేచి చెప్తే ఆ ఆదివారం ఎలా ఉంటుందో ఊహించండి.

జీతాల మాట వచ్చింది కాబట్టి అది పూర్తిగా చెప్పనివ్వండి. కూలివాడి కూలి పొద్దుగూకక ముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం, బిగపట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు పత్రిక. మా మార్కెట్లో లోకస్థులని మనం అనుకునే షావుకార్లు కూడా హమాలీ లెక్క ఏ రోజుది ఆ రోజు తేల్చేస్తారు. నాకు తెలిసిన ఒక సంఘంలో ఒక పెద్దమనిషి ప్రైవేటు స్కూలు నడుపుతారు. ఎండాకాలం రెండు నెలలు టీచర్లకు జీతం ఉండదు, మార్చి జీతం జూన్‌లో వస్తుంది, అదీ సగం. ఆయన సంఘానికి సౌండ్ సిస్టమ్ కొనిచ్చారు, ఆ స్పీకర్ల మీద ఆయన పేరుంది. ఆ స్కూల్లో పనిచేసే టీచరమ్మ అదే సంఘంలో ఆయన వెనక రెండు వరసల అవతల కూర్చుంటుంది, ఆ స్పీకర్లలోంచే కానుకల గురించి ప్రసంగం వింటుంది. ఆ సౌండ్ సిస్టమ్‌లో ఆమె మే నెల బియ్యం డబ్బులు ఉన్నాయని అక్కడున్న చాలామందికి తెలుసు. అయ్యగారికి కూడా తెలుసు. పుదీనాలో, సోపులో, జీలకర్రలో పదో వంతు లెక్కపెట్టి ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లతో ప్రభువు ఎంత గట్టిగా మాట్లాడాడో మనకు తెలియదా? దశమభాగం గురించి అడిగినంత ధైర్యంగా మిగతా తొమ్మిది భాగాల గురించి కూడా అడగండి, అది ఎలా వచ్చింది, ఎవరి కూలి ఎగ్గొట్టి వచ్చింది, ఎక్కడికి పోతోంది. గృహనిర్వాహకత్వం అనే మాట మన దగ్గర కానుకల పెట్టె దగ్గరే పుట్టి అక్కడే ఆగిపోతోంది.

ప్లాట్ల గురించి కూడా ఒక ముక్క. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, కొన్న ప్లాటుకు కృతజ్ఞతా ప్రార్థన చేయమని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. 2023 జూలైలో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది, కాలనీలు మునిగాయి, నీళ్లు పోయే దారుల్లో ఇళ్లు కట్టుకుంటే ఏమవుతుందో అందరం చూశాం. భూమి యెహోవాది అని కీర్తన పాడి, ఊరందరి చెరువును కబ్జా చేసిన లేఅవుట్ మీద చెయ్యి చాపి ఆశీర్వదించడం కుదరదు.

మనకు దారి చూపించినవాళ్లు బయటివాళ్లెవరో కారు, మన చుట్టుపక్కలే ఉన్నారు. మెదక్‌లో ఇప్పుడు అందరూ ఫోటోలు దిగే ఆ పెద్ద గుడి పని 1914లో మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. కరువు రోజుల్లో జనం ఆకలికి మాడిపోతుంటే మిషనరీ పోస్నెట్ దొరగారు ఆ కట్టడంతో వాళ్లకు పని, పనితో పాటు తిండి దొరికేలా చూశారు. గుడి కట్టడం వల్ల పేదల కడుపు నిండింది. మన కొత్త మందిరాల కోసం సిమెంటు మోసిన మేస్త్రీలను, కూలీలను అడిగితే వాళ్లు కూడా ఈ మాట అనగలగాలి. డోర్నకల్ ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నా మనం పాత వరంగల్ వాళ్లం కాబట్టి మన ఊరే. అక్కడి అజరయ్యగారు 1912 డిసెంబర్ 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన తిరిగింది కూలీనాలీ చేసుకునే దళిత కుటుంబాల మధ్య. అంత పేద సంఘాలైనా తమ కాళ్ల మీద తాము నిలబడాలని, ఇవ్వడం ధనవంతులకు మాత్రమే ఉన్న హక్కు కాదని ఆయన పట్టుబట్టారు. మన అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి సంఘానికని వేరే డబ్బాలో వేసేవాళ్లు, గుర్తుందా? ఆ డబ్బా మీద ఎవరి పేరూ ఉండేది కాదు. సేరు బియ్యం వండుకునే ఇంటి పిడికెడూ, సేరున్నర వండుకునే ఇంటి పిడికెడూ అందులో కలిసిపోయేవి. ఇప్పుడు కానుకలిచ్చినవాళ్ల పేర్లు, మొత్తాలు మైకులో చదివే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, దయచేసి ఆపేయండి. రెండు కాసులు వేసిన విధవరాలి పేరు ఏ సువార్తలోనూ లేదు.

పేర్లు చదవడం ఆపి లెక్కలు చదవడం మొదలుపెట్టండి. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో తమ మీద ఎవరూ వేలెత్తకూడదని పౌలు మనుషుల్ని తోడు పెట్టుకొని మరీ తీసుకెళ్లాడు, ప్రభువు ముందే కాకుండా మనుషుల ముందు కూడా చక్కగా ఉండాలనుకున్నాడు. పౌలు అంతటివాడికి అవసరమైన జాగ్రత్త మనకు అవసరం లేదా? ఏ రైతైనా తన సరుకు ఎంత తూగింది, ఎంత తరుగు పోయింది, కమిషన్ ఎంత, చేతికి ఎంత వచ్చిందో కాగితం మీద అడిగి తీసుకుంటాడు, ఇవ్వకపోతే యార్డులో గొడవవుతుంది. సంఘంలో అడిగితే మాత్రం "విశ్వాసం లేదా" అంటున్నారు. అడగడం అవిశ్వాసం కాదు. వచ్చిందెంత, అయ్యగారి జీతమెంత, కరెంటు బిల్లెంత, విధవరాళ్లకు ఇచ్చిందెంత, మందిరం అప్పు ఎంత మిగిలింది, ఇవి మూడు నెలలకోసారి గోడకు అంటిస్తే చాలు. అయ్యగారి జీతం చూసి "ఇంత తక్కువతో ఎలా బతుకుతున్నారు" అని సంఘం సిగ్గుపడే చోట్లు కూడా ఉంటాయి, ముఖ్యంగా పల్లెల్లో. అదీ బయటపడాలి, అదీ సరిదిద్దాలి.

ఇంత రాశాక మీ దగ్గర ఏం కోరుతున్నానో కూడా చెప్పాలి కదా. ఈసారి కోత పండుగకు, ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేసే ముందు, నలుగురిని లేపండి. పంట పోయి అప్పు తీరుస్తున్న ఒక రైతును, పక్షవాతం వచ్చిన అత్తను ఏళ్లుగా చూసుకుంటున్న ఒక కోడలిని, లంచం తీసుకోని ఒక చిన్న ఉద్యోగిని, చాపలు పరిచే మా హమాలీ అన్నను. వాళ్లు సరిగ్గా మాట్లాడలేకపోతే పక్కన నిలబడి మీరే అడగండి, రెండు ప్రశ్నలు చాలు. తర్వాత ఎంత సంపాదించాలో చెప్పే ప్రసంగం ఆ రోజుకు వద్దు. ఉజ్జీవ సభలకు వచ్చే ప్రసంగీకులకు కూడా ముందే చెప్పండి, మా దగ్గర అప్పులున్నవాళ్లు ఉన్నారు, వాళ్లను స్టేజీ మీద నుంచి తిట్టొద్దని. ఆ నర్సంపేట కుటుంబం ఇంటికి ఎవరైనా అయ్యగారు వెళ్తానంటే నేను దారి చూపిస్తాను, వాళ్లను ముందుగా అడిగి, వాళ్లు సరేనన్నాకే. వెళ్లినప్పుడు అప్పు గురించి ప్రార్థన చేస్తే చేయండి గానీ ముందు ఆ అక్క చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో వాక్యం చెప్పకండి.

ఇక సంఘం లెక్కలు గోడకు అంటించడానికి రాసే మనిషి లేడంటే చెప్పండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి నాకు వేరే పనేం ఉండదు, రసీదు బుక్కులు, బ్యాంకు పాస్‌బుక్ ఇస్తే కూర్చొని రాసిపెడతాను, డబ్బులేం వద్దు.

వందనాలతో,
మీ సంఘస్థుడు,
ఏనుమాముల మార్కెట్ గుమాస్తా